మా ఇంట్లో అయిదుగురం

ఈస్టరు వరకు సాగే నలభై శ్రమదినాలు మొదలయ్యే ముందు ఆదివారం, గని కార్మికుల వరస ఇళ్ళ మధ్య ఉన్న మా చర్చిలో మైఖేల్ అయ్యగారు ప్రసంగం మధ్యలో ఆగి, తన ముందున్న నీళ్ళ గ్లాసు పైకెత్తి చూపించారు.

"మన కోరమండల్ లైన్లకు వారానికి ఒక్క ట్యాంకరు నీళ్ళు వస్తున్నాయి. బిందెకూ బిందెకూ కొట్లాడుకుంటున్నాము. ఒక కిలో బీఫ్ మన పళ్ళెంలోకి రావాలంటే, ఆ పశువు తిన్న మేతకూ తాగిన నీటికీ కలిపి రెండు మూడు ట్యాంకర్లు అవుతాయని చదువుకున్నవాళ్ళు లెక్క కట్టారు. మేత కోసం అడవులు కూడా పోతున్నాయి. దేవుడిచ్చిన నేలను మనమే తినేస్తున్నామేమో ఆలోచించండి."

ఆయన వయసు ముప్పై దాటదు. గట్టిగా మాట్లాడే మనిషి కాదు. అందుకే అందరూ విన్నారు. ఈ నలభై రోజులూ మాంసం పూర్తిగా మానేద్దామనీ, ఈస్టరు తర్వాత వారానికి ఒక్క పూటతో సరిపెట్టుకుందామనీ ఆయన అడిగారు. ఒప్పుకున్న ఇంటి పెద్ద లేచి నిలబడి, ఇంట్లో ఎంతమందో చెప్పాలి. జబ్బుతో ఉన్నవాళ్ళనూ గర్భిణులనూ చిన్నపిల్లలనూ లెక్కలో చేర్చవద్దని రెండుసార్లు చెప్పారు.

ఆయన మాట నాకు నచ్చింది. రోజూ స్వర్ణ రైల్లో బెంగళూరికి పోయి వచ్చేవాణ్ణి. కిటికీలో నుంచి చూస్తే బంగారుపేట దాటిన దగ్గర్నుంచి చెరువులన్నీ ముళ్ళ కంపే. పొలాల్లో బోరు బండ్లు పదిహేను వందల అడుగులు దింపినా దుమ్మే పైకి వస్తోందని బైరకూరు నుంచి వచ్చే పాలవాళ్ళు చెప్పుకునేవారు. ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట తగ్గించుకోవాలి కదా అనిపించింది. నేను లేచాను.

"మా ఇంట్లో అయిదుగురం" అన్నాను.

ఆడవాళ్ళ వైపు కూర్చున్న నా భార్య ప్రిన్సీ తల తిప్పి నా వైపు చూసింది.

నేను, ప్రిన్సీ, స్కూలుకు పోయే ఇద్దరు కూతుళ్ళు, మా అన్న ఆంథోనీ. అన్న ఆ రోజు చర్చికి రాలేదు. రాలేడు. ఇరవై రెండేళ్ళు గనిలో రాయి తొలిచిన మనిషి. గని మూసేసి పదిహేనేళ్ళయినా ఆ దుమ్ము ఆయన ఊపిరితిత్తుల్లోనే ఉంది. దానికి తోడు టీబీ. వాకిట్లో మంచం నుంచి కుళాయి దాకా నడిస్తే అరగంట ఆయాసపడేవాడు. మాత్రల వేడికి గుడ్డు వాసన తగిలితే వాంతి. పాలు తాగితే కఫం పెరుగుతుందని తాగడు. రాగి గంజి రెండు గరిటెలు పోస్తే ఒక గరిటె మిగిలిపోయేది. ఆయనకు దిగేది ఒక్కటే, బీఫ్ ఎముకల రసం. మంగళవారం, శనివారం ఆండర్సన్‌పేట మార్కెట్టు నుంచి నేను కాలి ఎముకలు తెచ్చేవాణ్ణి. ప్రిన్సీ మిరియాలు, జీలకర్ర దంచి వేసి మూడు గంటలు కాచేది. పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు. "ఏది దిగితే అది పెట్టండి" అని సర్కారు ఆసుపత్రి డాక్టరు కూడా చెప్పారు.

మరి నాలుగు అనక అయిదు అని ఎందుకు అన్నాను?

నాకు ఆరేళ్ళప్పుడు మా నాయన గనిలో చిక్కుకున్నాడు. లోపలికి దిగేవాళ్ళందరికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఉండేది. పైకి వచ్చిన మనిషి బిళ్ళ మళ్ళీ బోర్డుకెక్కేది. ఆ రోజు మూడు బిళ్ళలు ఎక్కలేదు. రెండో రోజు ఎవరో పుణ్యాత్ములు లైన్లలో బియ్యం పంచుతూ మా ఇంటికి వచ్చి, అయిదుగురికి కొలిచారు. అమ్మ ఆ చేట వాళ్ళ ముందుకే తోసేసింది. "ఆయన్ను ఇంగా పైకి తేలేదప్పా. ఆరుగురికి కొలవండి, లేదంటే తీసుకుపోండి" అంది. నాలుగో రోజు నాయన శవం వచ్చింది. అయినా ఊపిరి ఉన్న మనిషిని లెక్కలో వదిలేయడం మా ఇంట్లో ఎన్నడూ జరగలేదు. రేషన్ షాపులోనైనా, పెళ్ళి పిలుపులోనైనా అన్నను కలిపే చెప్పేవాణ్ణి. చర్చిలో కూడా నోరు అలాగే తిరిగింది. అయ్యగారు చేర్చవద్దన్న మాట నా చెవిన పడింది. పడినా నాలుగు అని చెప్పలేకపోయాను.

ఇంటికి వచ్చే దారిలో ప్రిన్సీ అంది, "నాలుగంటే నీ నోరు పడిపోతుందా?"

"రేపు అయ్యగారికి చెప్పి సరిచేస్తాలే. అన్న రసం అన్నదే. దానికీ దీనికీ ఏం సంబంధం?"

మేం చేరేసరికి పిల్లలు ముందే పరుగెత్తి అన్నకు చెప్పేశారు. ఆయన మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఎప్పుడూ లేనిది, చొక్కా తొడుక్కుని ఉన్నాడు.

"అందరి ముందర అయిదుగురం అన్నావంట?" అన్నాడు.

"నోటికొచ్చేసిందన్నా. నీకు వర్తించదని అయ్యగారే చెప్పినారు."

"వర్తించదా? మరి నన్ను కలిపి యాల చెప్పినావు?"

ఆయన దగ్గి, తేరుకుని, "ప్రిన్సమ్మా, ఇంగ నాకు కూడా పప్పు సారే పోయమ్మా. మీరు తినేదే" అన్నాడు.

"బావా, మీ మాత్రలకు బలం ఉండల్ల."

"నలభై దినాలే గదమ్మా. ఇంతకంటే పెద్ద షిఫ్టులు చేసినాను."

రెండు రోజుల్లో తనంతట తనే అడుగుతాడని అనుకున్నాం. అడగలేదు. రసం కాచి పక్కన పెడితే గ్లాసు మీద మూత పెట్టి జరిపేసేవాడు. మూడో రోజు నుంచి ప్రిన్సీ కాచడం మానేసింది. ఆ శనివారం నేను ఆండర్సన్‌పేటకు పోలేదు.

ట్యాంకరు వచ్చిన రోజు వరుసలో మా పక్కింటి బచ్చప్ప నన్ను పట్టుకున్నాడు. ఆయన కూడా గనిలో చేసినవాడే. అన్నా, ఆయనా గనిలోకి దించే ఒకే కేజులో దిగిన స్నేహితులు.

"ఏమప్పా నెల్సన్, మీ చర్చోళ్ళు బాడు, మాంసం అంతా మానేసినారంట. ఒక కిలోకు మూడు ట్యాంకర్లంట గదా?"

"అయ్యగారు అట్లా చెప్పినారు."

"అయితే నా జన్మలో నేను ఎన్ని చెరువులు తిన్నానో. అందుకే గదా ఈ లైన్లలో నీళ్ళు లేనిది." చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. బచ్చప్ప నవ్వలేదు. బిందె దించి దగ్గరికి వచ్చాడు. "నువ్వు మానుకో, నేనూ మానుకుంటాను. మీ అన్నకు ఉండేది ఎముకల మీద తోలు ఒక్కటే. వాడు ఏం మానుకోవల్ల, చెప్పు?"

ఆ సాయంత్రమే అయ్యగారిని పిలుచుకొచ్చాను. ఆయన అన్న మంచం పక్కన స్టూలు వేసుకుని, చేయి పట్టుకుని, చాలాసేపు మెల్లగా మాట్లాడారు. దేవుడు కనికరాన్నే కోరుతాడనీ, తమ్ముడు నోరు జారి చెప్పిన మాటకు అన్న కట్టుబడవలసిన పని లేదనీ, తానే సంఘం తరఫున విడుదల ఇస్తున్నాననీ చెప్పారు.

అన్న అంతా విన్నాడు.

"కంపెనీవాళ్ళు కూడా ఇట్లానే చెప్పినారయ్యా. ఇంట్లో కూచోని రెస్టు తీసుకో, నీకు ఇంగ విడుదల అని. వాలంటరీ రిటైర్మెంటు" అన్నాడు. నవ్వబోతే దగ్గు వచ్చింది. అది తగ్గేదాకా మేం ఆగాం. "ఆ దినం నుంచి నన్ను ఏ పనిలోనూ ఎవురూ లెక్క పెట్టలేదయ్యా. మా తమ్ముడు పెట్టినాడు. ఇంగొక తూరి రిటైర్మెంటు ఇయ్యొద్దండి."

"ఆంథోనీ గారూ, మీ ప్రాణం..."

"నేను తినకుంటే నీళ్ళు మిగిలేది నిజమా, అబద్ధమా?"

"నిజమే. కానీ మీరొక్కరు..."

"నిజమైతే చాలయ్యా."

అయ్యగారు ప్రార్థన చేసి లేచారు. గుమ్మం బయట చెప్పులు వేసుకుంటూ, "నేను ఆ లెక్కలు అడగకుండా ఉండవలసింది" అన్నారు. అడిగింది తప్పని నాకు అనిపించలేదు. ఆ మాటే చెప్పాను. అయితే తప్పు ఎక్కడ జరిగిందో నాకూ తెలియలేదు.

బెంగళూరులో నేను ఒక పెద్ద హోటల్లో గిన్నెలు కడిగే చోట పని చేసేవాణ్ణి. ఆ వారం ఒక పెళ్ళి విందు జరిగింది. కడగడానికి వచ్చిన పళ్ళేల్లో కోడి ముక్కలు, మటన్ ముక్కలు కొరకనైనా కొరకకుండా ఉన్నాయి. వాటిని గరిటెతో నీలి డ్రమ్ముల్లోకి తోయడం నా పని. మూడు డ్రమ్ములు నిండాయి. అయ్యగారి మాట ఈ డ్రమ్ముల దగ్గర చెప్పవలసిన మాట కదా అనుకున్నాను. ఇక్కడ ఎవరూ లేచి నిలబడరు. నిలబడేది మా లైన్లలోనే. ఇంటికి వచ్చి అన్న ముఖం చూసేసరికి, వాళ్ళు తప్పు చేస్తే నేను ఒప్పు చేసినట్టవుతుందా అని ఇంకో ప్రశ్న వచ్చింది.

నాలుగో వారానికి అన్న కూర్చోవడం మానేశాడు. ఆసుపత్రిలో బరువు తూస్తే ముప్పై నాలుగు కిలోలు. అడ్మిట్ చేయమంటే, మంచాలు ఖాళీ లేవు, ఖాళీ అయినా చేసేది పెద్దగా లేదు అన్నారు. గ్లూకోజు పెట్టి పంపించేశారు.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చాక ప్రిన్సీ నన్ను వంటింట్లోకి పిలిచింది. "నేనొకటి చెప్తాను, కోపం చేసుకోవద్దు. ఎముకలు తీసుకురా. మునగాకు రొంత నూరి కలుపుతాను. మునగాకు చారు అని చెప్పి తాపిద్దాం."

"మొక్కులో ఉన్న మనిషికి అబద్ధం చెప్పి తాపించేదా?"

"ఆ పాపం నా మీద వేసుకుంటాను. నువ్వు ఎముకలు తెచ్చియ్యి, చాలు."

పాపం ఆమె మీద పడనివ్వడం నాకిష్టం లేదు. అబద్ధం ఆడవద్దని రోజూ పిల్లలకు చెప్పేవాణ్ణి. మార్కెట్టుకు పోయే దారి పొడుగునా దేవుణ్ణి క్షమించమని అడుగుతూనే నడిచాను. ఎముకలు తెచ్చాను. ప్రిన్సీ తలుపు మూసి కాచింది. మునగాకు రసం కలిపింది. పచ్చగా, వేడిగా ఉన్న గ్లాసు నేనే తీసుకుపోయాను. అన్న తల కింద చేయి పెట్టి లేపాను. పిల్లి పిల్లను ఎత్తినట్టుంది.

"ఇది ఏంది?"

"మునగాకు చారన్నా. బలం."

ఆయన గ్లాసు అంచు దగ్గర ముక్కు పెట్టి ఊపిరి పీల్చాడు. ఆ ఆవిరి లోపలికి పోతుంటే ఆయన గొంతు కదలడం చూశాను. ఆయన నోట్లో నీళ్ళు ఊరాయి. ఆకలి ఉంది ఆ మనిషికి. లేదనుకున్నాను నేను, ఇన్ని రోజులూ.

"మునగాకులో ఇంత కొవ్వు యాడ నుంచి వచ్చె, నెల్సన్?"

గ్లాసు ఆయన నోటికి ఇంకా దగ్గరగా జరిపాను.

"అన్నా, నీ కాళ్ళు పట్టుకుంటాను. తాగు. నేను నాలుగు అని చెప్పుంటే సరిపోయేది. తప్పు నాది."

"అట్లా చెప్పుంటే ఈ దినం దాకా కూడా ఉండేవాణ్ణి కాదురా." ఆయన నా చేతిని మెల్లగా వెనక్కి నెట్టాడు. నెట్టడానికి బలం లేదు. చేయి ఆనించాడంతే. "పారబోయొద్దు. దానికోసం ఒక జీవం పోయింది. నువ్వు తాగు."

"నేనా?"

"నువ్వు పొద్దున్నే రైలుకు పోవల్ల. తాగు. చూస్తాను."

ఆయన చూస్తుండగా తాగాను. నలభై రోజులు మానతానని అందరి ముందూ లేచి చెప్పినవాణ్ణి, నాలుగు వారాలకే ఆకలితో ఉన్న అన్న ముందు కూర్చుని, ఆయన కోసం కాచిన రసం తాగాను. మునగాకు చేదు కింద ఎముక మజ్జ రుచి తెలుస్తూనే ఉంది. బాగుంది. ఆ మాటే ఎవరికీ చెప్పలేను.

"ఉప్పు సరిపోయిందా?" అన్నాడు.

"సరిపోయిందన్నా."

"ప్రిన్సమ్మ చెయ్యి అంతే" అని కళ్ళు మూసుకున్నాడు.

బుధవారం పొద్దున నేను రైల్లో ఉండగా ఆయన పోయాడు. బచ్చప్ప ఫోన్ చేశాడు. సమాధి తవ్వడానికి కూడా ఆయనే ముందు దిగాడట, ఎవరినీ గడ్డపార పట్టనివ్వలేదట. సర్టిఫికెట్ ఇచ్చిన డాక్టరును అడిగాను, రసం ఆపడం వల్లేనా అని. "అట్లా చెప్పలేము. ఆ ఊపిరితిత్తులతో ఇన్నాళ్ళు ఉండడమే ఎక్కువ. తాగి ఉంటే ఇంకో నెల ఉండేవాడేమో, లేదేమో" అన్నారు. ఓదార్పుగా చెప్పారో, నిజమే చెప్పారో తెలియదు. ఒక నెల అంటే అరవై గ్లాసులు.

ఈస్టరు రోజు నలభై రోజులూ నిలబెట్టుకున్నవాళ్ళను ప్రార్థన కోసం ముందుకు రమ్మన్నారు. ప్రిన్సీ పిల్లలిద్దరినీ తీసుకుని వెళ్ళింది. నేను బెంచీలోనే కూర్చున్నాను. మైఖేల్ అయ్యగారు నా వైపు చూశారు. ఇంకోసారి పిలవలేదు.

మధ్యాహ్నానికి లైన్లన్నీ కూర వాసనతో నిండిపోయాయి. మా ఇంట్లో కూడా ప్రిన్సీ వండింది, వారానికి ఒక్క పూట అన్న మాట ప్రకారం. అన్న మంచం ఇంకా వాకిట్లోనే ఉంది, ఎత్తి గోడకు ఆనించి. పిల్లలు నలభై రోజుల తర్వాత తింటున్నారు. పెద్దది మారు వడ్డించుకుంది. ఎముక చప్పరిస్తూ నా పళ్ళెం వైపు చూసి, "నాయనా, నువ్వు తినవా?" అంది.

"తిను తల్లీ" అని నా పళ్ళెంలోని ముక్కలు దాని పళ్ళెంలో వేశాను.