ద్రాక్షతోట బావి నుంచి కురుసడై దాకా

బీచ్‌ల గురించి అడిగితే నా నోరు ఆగదు. ముప్పై ఏళ్ళు కాలేజీలో జువాలజీ చెప్పినదాన్ని, పిల్లల్ని వెంటేసుకుని తిరిగిన దీవులు తక్కువేమీ కావు. అండమాన్‌లో హేవ్‌లాక్ ఇసుక చూడముచ్చటగా ఉంటుంది, కాదనను. కానీ నేను దిగిన చోట పగడాలు కనిపించాలంటే చాలా దూరం ఈదాలి. లక్షద్వీప్‌లో అగత్తి నయం. ఒడ్డున చెప్పులు విడిచి నాలుగడుగులు వేస్తే చేపలే మన పాదాల దగ్గరికి వస్తాయి. మారిషస్ నాకు నచ్చలేదు. అందరికీ నచ్చితే నాకూ నచ్చాలా ఏమిటి? నాకు నచ్చిన ఒడ్డు ఒకటే. మద్రాసుకు దిగువన మండపం అనే ఊరి దగ్గర కురుసడై అనే చిన్న దీవి ఉంది. దానికి దక్షిణం వైపు, రెండు రాళ్ళ గుట్టల మధ్య చాపంత ఇసుక. 1968 డిసెంబరులో ఒక్కసారి చూశాను. ఆ ఒడ్డుకు దారి మాత్రం నాకు హైదరాబాద్ తార్నాకలో మొదలైంది.

అప్పుడు నేను యూనివర్సిటీలో ఎమ్మెస్సీ రెండో ఏడు. మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్‌లో మా అన్న చంద్రయ్య దగ్గర ఉండేదాన్ని. అన్న రైల్వేలో ఫిట్టర్. పొద్దున్నే తార్నాక దాకా నడిచి, అక్కడ విశాలాక్షిని పిలుచుకుని ఇద్దరం క్యాంపస్‌కి వెళ్ళేవాళ్ళం. వాళ్ళది కాకినాడ. నాన్నగారికి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం, అందుకని హైదరాబాద్ వచ్చారు. క్లాసులో ఆడపిల్లలం మేమిద్దరమే. నాకు నోటి దురుసు, తనకు మాట బయటికి రాదు. ఇద్దరికీ కలిపి ఒక మనిషికి సరిపడా మర్యాద ఉండేది.

మా లెక్చరర్ కొండలరావు గారు హవాయిలో ఏడాది చదువుకుని వచ్చారు. పాఠం నత్తలతో మొదలుపెట్టి హవాయి ఒడ్డుల్లో తేలేవారు. ఏ ఒడ్డున పొద్దున్నే దిగాలి, ఏ ఒడ్డున గాలి లేచాక దిగకూడదు, నీళ్ళలో చూడ్డానికి కళ్ళకు పెట్టుకునే ముసుగు అద్దానికి మసక పట్టకుండా లోపల ఎలా ఉమ్మి రుద్దాలి, అన్నీ చెప్పేవారు. పడవ అక్కర్లేదు, ఒడ్డు నుంచే నడిచి దిగి, గొట్టంతో గాలి పీలుస్తూ బోర్లా తేలితే చాలు, కింద ఇంకో ఊరు కనిపిస్తుందనేవారు. కిటికీలోంచి చూస్తే బండరాళ్ళు, ఎండుగడ్డి. అలాంటి చోట కూర్చుని ఆ మాటలు వింటుంటే నాకు ఒళ్ళంతా దురద పుట్టేది.

ఆ ఏడు దసరా ముందు సారు మండపం టూర్ ప్రకటించారు. హవాయి నుంచి తెచ్చిన ముసుగులూ గొట్టాలూ బల్ల మీద పెట్టారు. మగపిల్లలు జతలు జతలుగా దిగుతారట. ఆడపిల్లలు ఒడ్డున గవ్వలు ఏరుకోవచ్చట.

నాకు చిర్రెత్తుకొచ్చింది. లేచి నిలబడ్డాను. "గవ్వలు చార్మినార్ కాడ దొరుకుతయి సార్. గవ్వల కోసం మండపం దాక ఎందుకు?"

క్లాసు నవ్వింది. సారూ నవ్వారు. "సరే భూదేవీ, ఒంటరిగా ఎవరూ దిగకూడదు, అది నా నియమం. నీకు జత విశాలాక్షి. కాకినాడ పిల్ల, సముద్రం తెలిసినది. ఆమె దిగితే నువ్వూ దిగు. ఆమె దిగకపోతే ఇద్దరూ గట్టు మీదే."

విశాలాక్షి తల ఊపింది. నేను గాల్లో తేలుతూ బయటికొచ్చాను. ఆర్ట్స్ కాలేజీ దాటాక తను ఆగిపోయింది.

"భూదేవీ, నాకు ఈత రాదు."

"ఏందీ?"

"మా ఊళ్ళో సముద్రం చూడ్డానికి వెళ్తామే. పకోడీలు తింటాం, చీకటి పడకుండా ఇంటికొస్తాం. దిగేది జాలర్లు. మోకాలు తడిస్తే మా అమ్మ వీపు విమానం మోత మోగించేది."

పేరు గొప్ప ఊరు దిబ్బ అంటే ఇదే. సముద్రం పక్కన పుట్టిన పిల్లకు ఈత రాదు. సముద్రం మొహం చూడని నేనేమో బుద్ధి తెలిసినప్పటి నుంచి మా వ్యవసాయ బావిలో కప్పలాగా ఈదినదాన్ని. "మరి తల ఎందుకు ఊపినవ్?" అని కసిరాను.

"నువ్వు అంత ఆశగా చూస్తుంటే ఎలా కాదనను?" అంది.

ఆ మాటకు కోపం చప్పగా చల్లారిపోయింది. కానీ ఆశ చల్లారలేదు. ఈమెకు ఈత వస్తేనే నేను నీళ్ళలో దిగుతాను, రాకపోతే గవ్వలే గతి.

మా మేనమామ లచ్చయ్య హబ్సిగూడలో ఒక ద్రాక్షతోట చూసుకునేవాడు. తోటలో పెద్ద బావి, దిగడానికి రాతి మెట్లు, వానలకు నిండి పై మెట్ల దాకా నీళ్ళు. అది తీగలు కత్తిరించే కాలం. పళ్ళు లేవు కాబట్టి తోటకెవరూ రారు. ఆదివారం రికార్డులు రాసుకుంటామని విశాల వాళ్ళమ్మ కమలాదేవి గారికి చెప్పి బయల్దేరేవాళ్ళం. మా అన్న పాత చొక్కాలు తొడుక్కుని, లంగాలు కచ్చ పోసుకునేవాళ్ళం. విశాల వీపుకు ఎండిన సొరకాయ బుర్రలు కట్టి, నడుముకు మోకు కట్టి, దాని కొస మామ చేతికిచ్చాను. మామ తల అటు తిప్పుకుని మోకు పట్టుకుని కూర్చునేవాడు.

"ఏంది బిడ్డా, పట్నంల ఎమ్మెస్సీ అంటే గిదేనా? మా ఊర్ల బర్రెలు గూడ పాసైతయి," అనేవాడు.

మొదటి ఆదివారం విశాల మూడో మెట్టు దిగలేదు. రెండో ఆదివారం దిగి, నా మెడ పట్టుకుని నన్ను ముంచినంత పని చేసింది. నేను తిట్టాను. తను ఏడ్చింది. అయినా పైవారం మళ్ళీ వచ్చింది, అదీ విశాల అంటే. కాళ్ళు చేతులు ఆడించడం ఎంత చెప్పినా రాలేదు. బోర్లా పడుకుని తేలడం మాత్రం పట్టుబడింది. గుడ్డికన్నా మెల్ల నయం అనుకున్నాను. సారు చెప్పిందీ తేలడమేగా.

ఇంకో చిక్కు ఉంది. సారు మా ఇద్దరికీ కలిపి ఒకటే ముసుగు, ఒకటే గొట్టం ఇచ్చారు. గొట్టం నోట్లో పెట్టుకోవాలి. కమలాదేవి గారింట్లో మంచినీళ్ళ గ్లాసు కూడా పెదవికి తగలనివ్వరు, ఎత్తి పోసుకోవాలి. విశాల సంచిలో సబ్బు ముక్క తెచ్చేది. నేను పీల్చిన గొట్టాన్ని కడిగి, తుడిచి, మళ్ళీ కడిగేది. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నానని చెబితే అబద్ధం. నాకు మండేది. "నా నోట్లో ఏమన్న ఇసం ఉన్నదా?" అని అడిగేశాను. తను తల దించుకుంది. "చిన్నప్పటి అలవాటే, నీ మీద కాదు" అంది. అది నిజమే. అయినా గుచ్చుకుంది.

ఒకరోజు గొట్టం నా నోట్లో ఉండగా, బావి నడుమ తేలుతున్న విశాల సొరబుర్రల ముడి ఊడింది. తను నీళ్ళు మింగి నా వైపు చెయ్యి చాచింది. మామ మోకు లాగాడు, నేను పట్టుకున్నాను. మెట్టు మీద కూర్చోబెడితే దగ్గి దగ్గి, ఊపిరి అందాక అంది, "ఇంకోసారి దిగుతాను. లేకపోతే మళ్ళీ ఎప్పటికీ దిగలేను." నా నోట్లోంచి గొట్టం తీసుకుని అలాగే తన నోట్లో పెట్టుకుని నీళ్ళలోకి వంగింది. సబ్బు గుర్తే లేదు తనకు. ఆ తర్వాత ఇంకెప్పుడూ సబ్బు తేలేదు. నాకు ఆ క్షణాన కళ్ళు చెమర్చాయి. నీళ్ళలో తడిసి ఉన్నాం కాబట్టి సరిపోయింది.

డిసెంబరులో రైలెక్కాం. మద్రాసు మీదుగా మండపం, అక్కడి నుంచి పడవలో కురుసడై. నేను చెప్పిన ఆ దక్షిణపు ఒడ్డుకు సారు మమ్మల్ని నడిపించారు. ఆ నెలలో ఉత్తరం వైపు కెరటాలు విరుచుకుపడుతుంటాయి, దక్షిణం వైపు నీళ్ళు నిద్రపోతున్నట్టు ఉన్నాయి. నేను సముద్రం చూడటం ఆ ప్రయాణంలోనే మొదలు. అంత నీళ్ళు, అంత తేట! రాయి అంచున నిలబడితే అడుగున పగడాలు, మధ్యలో తిరిగే పచ్చటి చేపలు స్పష్టంగా కనిపిస్తున్నాయి.

"ఇసుక ఉన్నచోట, పాదాలు ఈడుస్తూ మెల్లగా దిగాలి," అని సారు చెబుతూనే ఉన్నారు.

నేను రాయి మీద నుంచి దూకేశాను.

బావి దగ్గర పెరిగినవాళ్ళం నీళ్ళలోకి దిగం, దూకుతాం. బావికి లోతు లేకపోవడమనేది ఉండదు. అడుగు ఎప్పుడూ కనిపించదు. అడుగు కనిపిస్తోందంటే లోతు లేదని అర్థం చేసుకోవాలని నాకెవరు చెప్పారు? నీళ్ళు నడుముదాకా కూడా లేవు. కుడిపాదం పగడం మీద పడి, అరికాలు చీరుకుపోయింది. నీళ్ళు ఎర్రబడ్డాయి. మగపిల్లలు పట్టుకుని ఇసుక మీదికి తెచ్చారు. ఎవరో వెనక నుంచి, "చాంపియన్ గారు మునిగారు," అన్నారు. అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడుపొచ్చింది.

సారు కాలికి గుడ్డ కట్టారు. నన్ను తిట్టలేదు, అది ఇంకా బాధ. "భూదేవి ఇక్కడే కూర్చుంటుంది. విశాలాక్షీ, నువ్వు సముద్రం తెలిసిన పిల్లవి. నువ్వు నాతో జతగా రా," అన్నారు.

ఇన్ని ఆదివారాలూ, ఇంత ప్రయాణమూ గట్టు మీద ముగిసిపోయాయి అనుకున్నాను. విశాల దిగుతుంది, నేను చూస్తాను. సంతోషించాలని నాకు తెలుసు. సంతోషం రాలేదు. ముసుగు తన చేతికిచ్చేసి తల తిప్పుకున్నాను.

విశాల కదల్లేదు. క్లాసంతా చూస్తోంది. ఎప్పుడూ పక్కనున్నవాళ్ళకే వినపడని ఆ గొంతు అందరికీ వినపడింది.

"నాకు సముద్రం తెలియదు సార్. ఈత కూడా రాదు. కాకినాడలో పుట్టానని మీరే అనుకున్నారు, నేను కాదనలేదు. తేలడం భూదేవి నేర్పింది. తను లేకుండా నేను దిగను."

ఎవరూ నవ్వలేదు. సారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, మళ్ళీ పెట్టుకున్నారు. ఆయనకు కోపం వచ్చిందని తెలుస్తూనే ఉంది. నా కాలి వైపు, నీళ్ళ వైపు చూశారు. చివరికి, "నడుంలోతు దాటకూడదు. భూదేవి కాలు కిందపెట్టకూడదు. నేను పక్కనే ఉంటాను," అన్నారు.

మగపిల్లలు ఇసుక మీద నుంచి నన్ను కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే నీళ్ళలోకి లాక్కెళ్ళారు. ఉప్పు తగిలి కాలు భగ్గుమంది. విశాల పక్కన బోర్లా తేలింది, ఎడమచేత్తో నా చెయ్యి పట్టుకుంది. నా వేళ్ళు నొప్పెట్టేంత గట్టిగా. ముసుగు నాకు తొడిగి, "ముందు నువ్వు," అంది.

ముఖం నీళ్ళలో పెట్టాను. పగడాలు గోబిపువ్వుల్లా గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. చారల చేపలు మా నీడలోకి వచ్చి పోతున్నాయి. ఒక చిలకచేప పగడాన్ని కొరికితే ఆ చప్పుడు నాకు వినపడింది. నేను గొట్టంలో అరిచాను, ఏమని అరిచానో నాకే తెలియదు. తర్వాత ముసుగు విశాలకు తొడిగాను. ఆమె ఎంతసేపటికీ తల ఎత్తలేదు. నా చేతి మీద పట్టు సడలింది. సారు పిలిచేదాకా అలా మార్చుకుంటూనే ఉన్నాం. ఆ తర్వాత ఎన్ని సముద్రాలు చూసినా నాకు అంత సంతోషం మళ్ళీ రాలేదు.

జనవరిలో తెలంగాణ ఉద్యమం లేచింది. క్లాసులు ఆగిపోయాయి. క్యాంపస్ అంతా ఊరేగింపులు, ఆంధ్రావాళ్ళు వెళ్ళిపోవాలని నినాదాలు. మా అన్న ముందు వరసలో ఉండేవాడు. అతని కోపం న్యాయమైనదే, నాదీ అదే కోపం. అది నేటికీ కాదనను. కానీ తార్నాకలో విశాల వాళ్ళింటి కిటికీలు మూసే ఉండేవి. పగలు కూడా. వేసవి రాకముందే నాన్నగారు కాకినాడకు బదిలీ చేయించుకున్నారు.

వాళ్ళు వెళ్ళే రోజు గేటు దగ్గర నిలబడ్డాను. లోపలికి వెళ్ళాలంటే నాకు మొహం చెల్లలేదు. విశాలే బయటికి వచ్చింది. "నువ్వు నాకు తేలడమే నేర్పావు. ఈదడం ఇంకా నేర్పలేదు," అంది.  వాళ్ళెక్కిన రిక్షా చౌరస్తా తిరిగాక మెట్టుగూడకు నడిచి వచ్చాను.

అన్న గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. "ఏందే, ఎందుకేడుస్తున్నవ్?" అన్నాడు.

"కాలు నొస్తున్నది."

అన్న నా కాలి వైపు చూడలేదు. లేచి సైకిల్ తీశాడు. "ఎక్కు. కాకినాడ దిక్కు బండి ఇంక కదల్లే."

సికింద్రాబాద్ స్టేషన్లో పెట్టెపెట్టెకూ పరుగెత్తాను. విశాల కిటికీ దగ్గర కూర్చుని ఉంది. నన్ను చూసి చెయ్యి బయటికి చాచింది, నేను పట్టుకున్నాను. కమలాదేవి గారు చూసి కూడా ఏమీ అనలేదు.  గంట కొట్టారు, బండి కదల్లేదు. ఇంకాసేపటికి కూడా కదల్లేదు. తల తిప్పి చూస్తే, బండి చివర, పచ్చజెండా చుట్టి చంకలో పెట్టుకున్న గార్డు పక్కన నిలబడి మా అన్న తాపీగా బీడీ ముట్టించుకుంటున్నాడు.