సబ్బు ముట్టని సీసా

నలభై ఇళ్ల తలుపులకు మా జలాశయం ఆఫీసువాళ్లు నోటీసులు అంటిస్తుంటే నేను ఆనకట్ట మీద నిలబడి చూస్తున్నాను. కింద జలాశయం పచ్చగా చిక్కబడి కంపు కొడుతోంది. ఒడ్డు పొడవునా చేపలు వెల్లకిలా తేలాయి. వాగు పక్కన కూరగాయలు సాగు చేసేవాళ్లు వేసే ఎరువులే ఇందుకు కారణమనీ, నెల తిరిగేలోగా ఇళ్లు ఖాళీ చెయ్యాలనీ ఆ కాగితాల్లో ఉంది. రుజువు కూడా జతచేశారు. వాగు నీటిలో ఎరువుల్లో ఉండే భాస్వరం హద్దుకు నాలుగింతలు ఉందట. ఆ నీళ్లు సీసాలో పట్టి ఇచ్చింది నేనే.

పదకొండేళ్లుగా నా పని అదే. ప్రతి సోమవారం వాగు జలాశయంలో కలిసేచోట సీసా ముంచి, మూత బిగించి, చీటీ అంటించి ల్యాబుకు పంపడం. అందరూ నన్ను సీసాలక్క అంటారు. పంపుహౌస్ వెనక ఒక్క గది, ఒక మంచం, కిటికీలో ఖాళీ సీసాల వరస. నా భర్త పోయాక పలకరించే దిక్కు మా చెల్లెలొక్కతే. దానిదీ ఆ నలభై ఇళ్లలో ఒకటి.

ఆ సాయంత్రం వెళితే గడప దగ్గరే ఆపేసింది.

"నీ సీసాలే మా కొంప ముంచాయి. ఇంకా ఏం పట్టుకుపోదామని వచ్చావ్?"

"నీళ్లు తెచ్చానే గానీ నోటీసు నేను రాశానా?"

"తెచ్చింది నువ్వేగా!" అని తలుపు వేసుకుంది.

అప్పటినుంచి ఆ వీధిలో నేను నడిస్తే మాటలు ఆగిపోయేవి. కుళాయి దగ్గర నా బిందెకు అందరూ తప్పుకుని చోటిచ్చేవారు. తిట్టినా బాగుండేది. నా భర్త పోయిన రోజు కూడా నేనింత ఒంటరిదాన్ని కాలేదు.

పది రోజుల తర్వాత సీసాల పెట్టె కోసం ల్యాబులో పనిచేసే ముసలి అటెండరు వచ్చాడు. నేను సీసాలు తోముతున్నాను. నాకు శుభ్రత పిచ్చి. సబ్బుపొడి దండిగా వేసి, బ్రష్షుతో రుద్ది ఎండలో బోర్లిస్తే అద్దాల్లా మెరిసేవి. ఆయన ఆ నురగ చూసి కొయ్యబారిపోయాడు.

"ఎన్నాళ్లనుంచి దీంతో కడుగుతున్నావమ్మా?"

"మొదట్నుంచీ. ఏం బాబాయ్?"

"ఈ పొడిలోనే భాస్వరం ఉంది తల్లీ! సీసాకి పట్టుకుంటుంది. అందులో ఏ నీళ్లు పోసినా ఎక్కువే చూపిస్తుంది. మీ ఆఫీసు ఇంజనీరుగారికి నిరుడే చెప్పానే. నీకు చెప్పలేదూ?"

చెప్పలేదు. పైగా సబ్బుపొడి డబ్బా ఆఫీసునుంచే వస్తోంది. కొండవాలున ఆఫీసు పనులు చేసే కాంట్రాక్టరు కోళ్ల షెడ్లున్నాయి. కోళ్లపెంట గుట్టలుగా పడి ఉంటుంది, అందులోనూ భాస్వరమే, తొలి వానకే రెండో వాగులోకి దిగుతుంది. ఆ వాగు నా జాబితాలో ఏనాడూ లేదు. ఎందుకు లేదని నేనూ అడగలేదు. ఇది చదివేవాళ్లు, మిల్లుల్లో పనిచేసేవాళ్లైనా కాలేజీల్లో చదివేవాళ్లైనా, ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. చెప్పిన పని చెప్పినట్టు చెయ్యడం మంచితనమనుకుని నేను నలభై ఇళ్ల మీదికి చేటు తెచ్చాను.

ఆదివారం కూరగాయలు తూచే షెడ్డులో మీటింగు జరిగింది. పిలవకుండానే వెళ్లాను. ఎవరూ జరిగి చోటివ్వలేదు. నిలబడే అంతా చెప్పాను.

"ఇల్లు కాలుతుంటే బావి తవ్వుతున్నావా?" అని ఒకామె లేచింది.

"ఆఫీసు మనిషి! ఇదింకో ఎత్తేమో!" అని వెనకనుంచి కేక.

బెండతోట పెద్దాయన చెయ్యెత్తాడు. "మనమూ గుప్పెడు ఎరువు చాలేచోట దోసెడు వేస్తున్నాం. అది ఒప్పుకుందాం."

"నువ్వెవరి వైపు మావా?" అన్నాడో కుర్రాడు.

"మన వైపేరా! మన తప్పెంతో మనమే కొలుద్దాం. ఆ కాంట్రాక్టరుదీ కొలుద్దాం. కొలిచే సీసా ఆఫీసు చేతిలో ఉన్నన్నాళ్లూ దొంగలం మనమే."

ఊళ్లోంచి వచ్చిన మిల్లు కార్మికురాలు గొంతు పెంచింది. "ఆ నీళ్లు తాగేది మేం. మిమ్మల్ని వెళ్లగొడితే బాగుపడతాయని మాకు చెప్పారు. రేపు కోళ్ల షెడ్ల వాగుకి మా మిల్లువాళ్లమూ వస్తాం. పట్టిన నీళ్లు సగం కాలేజీ ల్యాబుకి, సగం మన దగ్గరే."

ఎలా పట్టాలో నన్నే చూపించమన్నారు. సబ్బు ముట్టించొద్దన్నాను. ముందు అదే వాగు నీళ్లు పోసి కుదిపి పారబొయ్యాలి, మూడుసార్లు. నాలుగోసారి నింపాలి. మా చెల్లెలు గోడవైపు తిరిగి కూర్చుంది. విన్నదో లేదో తెలియలేదు.

సోమవారం పొద్దున్నే రెండు వందలమందిమి కోళ్ల షెడ్ల వాగుకి వెళ్లాం. మాకంటే ముందే పోలీసు జీపు వచ్చి ఉంది. ఇంజనీరు నా చేతిలోని పెట్టె లాక్కున్నాడు.

"ప్రభుత్వ సీసాల దొంగతనం! ఎక్కించండి దీన్ని."

"సీసాలు మీవే సార్, తీసుకోండి. నీళ్లు మావి," అన్నాను. జీపెక్కి వెనక్కి చూస్తే జనం ఒక్కడుగు కదల్లేదు. ఇన్నేళ్లూ ఒంటరిగా బతికాను, ఒంటరిగానే పోతున్నాననుకున్నాను.

అప్పుడు మా చెల్లెలు వాగులోకి దిగింది. నావైపు చూడలేదు. కొంగులోంచి పాత మందుసీసా తీసి ముంచింది. కుదిపింది, పారబోసింది. మళ్లీ. మళ్లీ. నాలుగోసారి నింపి మూత బిగించింది. దాని వెనకే బెండతోట పెద్దాయన, మిల్లువాళ్లు, నలభై ఇళ్లవాళ్లు వరసగా నీళ్లలోకి దిగారు. ప్రతి చేతిలోనూ ఒక సీసా.

ఇంజనీరు ఒడ్డునుంచి అరిచాడు. "అదెక్కడిది? ఇలా తే!"

మా చెల్లెలు సీసాను గుండెకి అదుముకుంది.

"ఇది మా ఇంటిది. మా అక్క చెప్పినట్టే కడిగాను. సబ్బు ముట్టలేదు."