కింద పడ్డ స్క్రిప్టు

నేను బంగాళాదుంపల చెక్కు తీస్తుంటే గ్లేబ్ వంటగది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "నేను నీ మొగుణ్ణి. యుద్ధంలో పోయాననుకున్నావ్, తిరిగొచ్చా. ఊఁ, కానీయ్" అన్నాడు. మా ఇంట్లో రిహార్సల్స్ ఇలాగే మొదలవుతాయి. బల్ల చుట్టూ కూర్చుని నెలల తరబడి నాటకం మీద వాదించుకోవడం పాత పద్ధతి. దర్శకుడైన మా ఆయన గ్లేబ్ మాస్కోలో నేర్చుకొచ్చిన పద్ధతిలో పుస్తకం మూసేసి, లేచి, ఆ ఘట్టాన్ని సొంత మాటలతో ఆడి చూడాలి. నటులతో ఆడించే ముందు నాతో ఆడించుకుంటాడు. ఎలాగూ వంటగదిలోనే ఉంటాను కదా.

నేను తలెత్తలేదు. ఎత్తితే ఏడుపొస్తుందని అనిపించింది. దుంప మీద నుంచి చూపు తిప్పకుండా "కాళ్ళు తుడుచుకుని రా" అన్నాను. గ్లేబ్ గంతేశాడు. మర్నాడు థియేటర్లో అందరితో "నాకో ఆలోచన తట్టింది" అని చెప్పాడు.

పెళ్ళికి ముందు ఈ థియేటర్లోనే నేను నటిని. పిల్ల పుట్టాక మా అత్తగారు "ఇంటికో కళాకారుడు చాలమ్మా, ఇద్దరైతే చారు ఎవరు కాస్తారు?" అన్నారు. చారు నేనే కాశాను. పిల్ల బడికి వెళ్ళడం మొదలెట్టాక "ఇంట్లో కూర్చుని ఏం చేస్తావ్ రిమ్మా, వచ్చి నటులకి మాటలు అందించు" అన్నాడు గ్లేబ్. జీతం ఊసు అతనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అబద్ధమెందుకు, ఆ హాల్లో కూర్చుంటే నాకు ప్రాణం లేచొస్తుంది. గ్లేబ్ అన్నా ఇష్టమే. చిక్కంతా అక్కడే ఉంది.

ఓ రోజు పొద్దున టీ తాగుతూ గ్లేబ్‌ని అడిగాను. "ఇవాళ గోడపత్రిక అచ్చుకిస్తున్నారటగా. సహ దర్శకురాలని నా పేరు కూడా వెయ్యి."

"పెళ్ళాం పేరు వేసుకున్నాడని ఊరంతా నవ్వరూ? అయినా మనలో మనకి నీదీ నాదీ ఏంటి?" అన్నాడు.

పేరు దగ్గరికొచ్చేసరికి అంతా నీదేగా అనుకుని, ఆ మాటని టీతోపాటు మింగేశాను.

ఆ రోజు రిహార్సల్లో నోన్నా మొగుడు తిరిగొచ్చే ఆ ఘట్టం దగ్గర ఆగిపోయింది. పెద్ద వేషాలన్నీ ఆమెవే, మంచి నటి. కానీ "కాళ్ళు తుడుచుకుని రా" అన్న మాట ఆమె నోట గయ్యాళి కసురులా వస్తోంది. అంతరంగం, లక్ష్యం అంటూ గ్లేబ్ ఏవేవో చెప్పాడు. "చెప్పింది చాలు, నాకు పనికొచ్చేది ఒక్కటి చెప్పండి" అంది నోన్నా విసుగ్గా. నేనే చెబుదామని లేచాను. ఒళ్ళో స్క్రిప్టు జారి కిందపడింది.

అందరూ ఒక్కసారి నా వైపు తిరిగారు. స్క్రిప్టు కిందపడితే పడేసినవాళ్ళు దాని మీద కూర్చుని తమంతట తామే లేవాలి, లేకపోతే నాటకం మునుగుతుందని మా వాళ్ళ భయం. కమ్యూనిస్టు పార్టీ సభ్యుడైన మా ఆయనకి దేవుడి మీద నమ్మకం లేదు గానీ దీని మీద ఉంది.

"కూర్చో రిమ్మా, ముందు కూర్చో" అన్నాడు గ్లేబ్.

కూర్చున్నాను, చల్లటి నేల మీద, స్క్రిప్టు మీద. అక్కణ్ణుంచే అన్నాను. "నోన్నా, చేతిలోకి కత్తీ దుంపా తీసుకో. అతణ్ణి చూడకు. చూస్తే ఏడ్చేస్తావ్. చెక్కు తీస్తూ చెప్పు."

నోన్నా చేసింది. మాట మెల్లగా, మామూలుగా వచ్చింది. మొగుడి వేషం వేసే ముసలి యెమెల్యాన్, తన మాట చెప్పడం మానేసి కళ్ళు తుడుచుకున్నాడు.

"బాగుంది. ఇక లే, ముందుకి పోదాం" అన్నాడు గ్లేబ్.

నాకు లేవబుద్ధి కాలేదు. ఇన్నేళ్ళలో ఇంత హాయిగా ఎక్కడా కూర్చోలేదు. "గోడపత్రిక మీద నా పేరు రాశాక లేస్తాను" అన్నాను.

గ్లేబ్ నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు. లాగి లేపితే అపశకునం, అది అందరికీ తెలుసు. యెమెల్యాన్ మాత్రం "రాసెయ్ నాయనా, కూర్చున్నది స్క్రిప్టు మీద కాదు, నీ నెత్తి మీద" అన్నాడు.

గ్లేబ్ చెవులు ఎర్రబడ్డాయి. పెన్సిలు తీసి, అచ్చుకి వెళ్ళాల్సిన గోడపత్రిక కాగితం మీద తన పేరు కింద నా పేరు రాసి, అలవాటుగా తన ఇంటిపేరు మొదలెట్టాడు.

"అది కాదు, నేను వేషాలు కట్టినప్పటి పేరు రాయి" అన్నాను.

"ఏం, నా ఇంటిపేరుకి ఏమైంది?"

"ఏం కాలేదు. ఆ పేరుగల ఆవిడ ఇంటి దగ్గర చారు కాస్తుంది."

స్క్రిప్టు తీసుకుని లేచాను.