బొగ్గుపొడి పెట్టిన ఇళ్లు

మా సంఘం పేరు దొర్కా మహిళా సంఘం. నరసాపురం దగ్గర లాకులపేటలో, కాలవగట్టు మీద గుడిసెలు వేసుకుని లేసు అల్లుకునే ఆడవాళ్లది. పదో తరగతి పాసైనదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి కార్యదర్శిని కూడా నేనే. 2004లో రాజమండ్రిలో మాలాంటి చిన్న సంఘాలకి శిక్షణ ఇచ్చే సంస్థ ఒకటి మమ్మల్ని పిలిచింది. మూడు రోజులు, భోజనాలు వాళ్లవే, సంచీ, పెన్ను ఉచితం. ఉచితం అంటే కాదనలేకపోవడం మా జబ్బు. నేనే వెళ్లాను.

శిక్షణ ఇచ్చిన హరిబాబు గారు మంచి మనిషి. చెడ్డవాడైతే నేను జాగ్రత్తగా ఉండేదాన్ని. సాయం కావాలంటే ముందు ఊరి పటం గీయించాలని ఆయన నేర్పారు. జనమే కూర్చుని నేల మీద ముగ్గుతో వీధులు గీయాలి, ఇంటికో చింతపిక్క పెట్టాలి, ఎవరికి ఏం లేదో రంగుతో చూపించాలి. తర్వాత దాన్ని చార్టు మీదికి ఎక్కించి అందరిచేతా సంతకాలు పెట్టించాలి.

"దాచుకోకుండా చూపించినవాళ్లకే సాయం అందుతుందండి, మెర్సీ గారూ" అన్నారు.

నన్ను గారు అని పిలిచిన మొదటి మనిషి ఆయన. ఆ పిలుపుకి నేను పడిపోయాను, ఒప్పుకోవాలిగా.

మా గట్టు మీద ఒక పద్ధతి ఉంది. ఏ ఆఫీసరు వచ్చి ఈ స్థలం ఎవరిదని అడిగినా చిన్నాపెద్దా అందరిదీ ఒకటే మాట, "తాతల నాటి నుంచీ ఉంటన్నామండి" అని. పట్టా ఉందని అనం, లేదనీ అనం. రెండో ప్రశ్న వేస్తే మంచినీళ్లు ఇస్తాం, అల్లిన లేసు చూపిస్తాం. ముప్పై ఏళ్లుగా వచ్చినవాళ్లందరూ మంచినీళ్లు తాగి వెళ్లిపోయారు. ఆ ఒక్క మాట మీదే మా నలభై ఇళ్లూ నిలబడ్డాయి. నేను మూడు రోజుల చదువు చదివొచ్చి ఆ సంగతి మర్చిపోయాను.

చర్చి ముందు నేల అలికి పటం మొదలుపెట్టాం. ముగ్గు ఆడవాళ్లకి చేతిలో పని. గంటలో కాలవ, లాకులు, చర్చి, బోరింగు అన్నీ దిగిపోయాయి. పట్టా ఉన్న ఇంటికి పసుపు, లేని ఇంటికి బొగ్గుపొడి అని చెప్పాను. పసుపు పొట్లం విప్పే పనే పడలేదు.

సంపూర్ణమ్మ మామ్మ బొగ్గుపొడి గుప్పెట్లో పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. మా అందరికీ లేసు నేర్పింది ఆవిడే. గట్టు మీద మొదటి గుడిసె కూడా ఆవిడదే.

"ఏమే మెర్సీ, మన కొంపకి మనమే మసి పూసుకోవాలా?" అంది.

"సాయం చేసేవాళ్లకి చూపించడానికే మామ్మా. నిజం చెప్తే పట్టాలు ఇప్పిస్తారంట."

"ఎవరంట?"

"రాజమండ్రి వాళ్లు."

"సరేలే, చదువుకున్నదానివి" అని తన ఇంటి మీద పొడి చల్లింది. చార్టు మీద వేలిముద్ర కూడా ముందు ఆవిడే వేసింది.

చార్టు చూసి హరిబాబు గారు మురిసిపోయారు. ఇంత చక్కటి పటం ఇంకే సంఘమూ చెయ్యలేదన్నారు. ఇంటింటి పేర్లతో, వేలిముద్రలతో సహా తమ శిక్షణ పుస్తకంలో అచ్చు వేయించి ఆఫీసులన్నిటికీ పంపారు. పక్కన నా ఫొటో. దాన్ని చూసుకుని నేనూ మురిసిపోయాను.

ఏడాది తిరిగేసరికి కాలవ వెడల్పు చేసే పని వచ్చింది. ఆక్రమణలు ఖాళీ చెయ్యమని నోటీసులు అంటించారు. ఒకటి నుంచి నలభై ఒకటి దాకా, మా పటంలో ఉన్న వరసలోనే. మా సంఘంలోని వీరవేణికి రెండు వచ్చాయి, ఒకటి ఇంటికి, ఒకటి మేకల పాకకి. పటం గీసినరోజు పొరబాటున ఆ పాక మీద కూడా ఒక చింతపిక్క పెట్టాం. చార్టులో అది అలాగే ఉండిపోయింది. మేకలకి వచ్చిన నోటీసు చూశాక ఈ జాబితా ఎక్కడిదో ఎవరూ నాకు చెప్పక్కర్లేకపోయింది. మన వేలితో మన కన్నే పొడుచుకోవడమంటే ఇదే. కాకపోతే వేలు నాది, కళ్లు వాళ్లవి.

రాజమండ్రి పరిగెత్తాను. హరిబాబు గారు నిజంగానే బాధపడ్డారు, టీ తెప్పించారు.

"మనం చేసే పని పదిమందికీ తెలియాలనే పంపామండి. ఇలా వాడతారని ఎవరనుకుంటారు?"

"మరి మా ఇళ్లండీ?"

"నిర్వాసితుల హక్కుల మీద వచ్చే నెల మూడు రోజుల శిక్షణ పెడుతున్నాం. మీరు తప్పకుండా రావాలి, మెర్సీ గారూ. మీ అనుభవం మిగతా సంఘాలకి పనికొస్తుంది."

టీ తాగకుండా లేచొచ్చేశాను. ఆ మాత్రం పౌరుషమే చూపించగలిగాను.

నోటీసుల మీద విచారణ జరిగిన రోజున మొట్టమొదట సంపూర్ణమ్మ మామ్మని పిలిచారు. కార్యదర్శిని కాబట్టి పక్కన నేను నిలబడ్డాను.

"తాతల నాటి నుంచీ ఉంటన్నామండి" అంది మామ్మ.

ఆఫీసరు ఆ శిక్షణ పుస్తకం తెరిచి ఆవిడ ముందు పెట్టాడు. "పట్టా లేదని ఇందులో మీరే చెప్పుకున్నారు కదా. ఈ వేలిముద్ర నీదేనా?"

మామ్మ వంగి చాలాసేపు చూసింది. "నాదేనండి."

"ఎవరు వేయించారు నీచేత?"

నేనే వేయించానని చెప్పాలి. చదువు రానివాళ్లచేత ఆశ పెట్టి వేయించానంటే ఆ కాగితానికి బలం తగ్గేది, కనీసం గడువైనా దొరికేది. నేరం నా మీదికి వచ్చేది. నేను చెప్పలేదు. భయం వేసింది, అంతకన్నా ఏం లేదు.

మామ్మ నా మొహం చూసింది.

"ఎవరూ వేయించలేదండి. మాకు ముగ్గులెయ్యడం వచ్చుగదా, మేమే గీసుకున్నాం. ఆ పిల్లకేం తెలీదు."

ఆఫీసరు అదంతా రాసుకుని కింద వేలు పెట్టమన్నాడు. మామ్మ పెట్టింది. చదివి వినిపించినట్టు సాక్షి సంతకం ఎవరైనా చెయ్యాలన్నాడు. నేను చేశాను.