గోడ దిగని మాట

ఉప్పుదిబ్బ హైస్కూల్లో ఏడో తరగతి గదికి నల్లబల్లతో పాటు ఒక మాటల గోడ కూడా ఉంది. సోషల్ మాస్టారు బదిలీ మీద వెళ్ళిపోయాక ఆయన స్థానంలో ఇంకెవరూ రాలేదు. తెలుగు చెప్పే దయామణే సోషలూ చెప్పుకొస్తోంది. రెండు పుస్తకాలకీ పనికొచ్చేలా రోజుకొక కొత్త మాట ఏరి, సుద్దముక్కతో ఆ గోడమీద రాస్తుంది. పొద్దున సోషల్ పీరియడ్లో దాని సంగతి చెబుతుంది. అన్నాలయ్యాక తెలుగు పీరియడ్లో అదే మాటని వాక్యాల్లో పెట్టిస్తుంది. ఎవరికైనా అది నిజంగా అర్థమైందంటే, గోడ దిగి వాళ్ళ అరచేతిలోకి వచ్చేస్తుంది. వాళ్ళు పక్కవాళ్ళకి చెబితే వాళ్ళకీ అంటుకుంటుంది, కళ్ళకలక అంటుకున్నట్టే. సాయంత్రానికి క్లాసులో అందరివీ తెల్ల చేతులే. మర్నాటికి ఆ తెలుపు చర్మంలోకి ఇంకిపోతుంది.

ఊళ్ళో దీన్నెవరూ వింతగా చూడరు. యూనిఫారాలకి సుద్ద పట్టి వదలడం లేదని తల్లులు విసుక్కుంటారు, అంతే. పిల్లలు బడి నుంచి రాగానే "ఏదీ చెయ్యి, ఇవాళ ఏ మాటొచ్చింది?" అని అడగడం అక్కడి అలవాటు.

మాటలకీ గుణాలుంటాయి. "ఒండ్రు" అని రాసిన పూట అది పదిమంది చేతుల్లోకీ ఒక్కసారే దూకింది. "ఉప్పెన" అయితే సుద్ద కింద పెట్టేలోపే మాయం. ఆ సముద్రం పక్క పుట్టిన పిల్లలకి దాన్ని ఒకరు నేర్పాలా! "సార్వభౌమత్వం" మాత్రం క్రిస్మస్ సెలవులదాకా గోడ పట్టుకుని వేలాడింది. ఓట్లకోసం వచ్చినవాళ్ళని ఒక పిల్ల నాయనమ్మ "నా ఇంట్లో నా మాటే చెల్లుతుంది, నడవండి" అని గుమ్మం దించేసిన మర్నాడు, అది ఆ పిల్లకి దక్కింది.

ఒక్కమాట మాత్రం నాలుగేళ్ళుగా గోడ దిగలేదు. "నిర్వాసితులు." ఆనకట్టల పాఠంలో వచ్చింది కదా అని దయామణే రాసింది. "ఉన్నచోటు పోగొట్టుకున్నవారు" అని అర్థం చెప్పింది. ఎక్కడో కొండల్లో మునిగిపోయిన ఊళ్ళ బొమ్మలు చూపించింది. పిల్లలు కంఠతా పట్టారు, పరీక్షల్లో రాశారు, మార్కులూ తెచ్చుకున్నారు. మాట మాత్రం కదల్లేదు. స్కూలుకి రంగులేస్తే రంగులోంచి మళ్ళీ పైకి తేలింది. అది దిగనందుకు దయామణికి లోపల్లోపల సంతోషంగానే ఉండేది.

ఎందుకంటే అంతకుముందు ఒకసారి "అనాథ" అనే మాట అలాగే చాలాకాలం మొండికేసింది. ఒకరోజు మధ్యాహ్నం ఉన్నట్టుండి దిగి, లోహిత్ అనే పిల్లాడి చేతిలో వాలింది. "ఇవాళ నాకొచ్చిందండీ" అని వాడు మురిసిపోయి అందరికీ చూపించాడు. పక్కవాడికి అర్థం చెప్పేలోపే ఇంటిబెల్లు కొట్టారు. తల్లి లేని పిల్లాడు. మంగినపూడి దగ్గర వాళ్ళ నాన్న పడవ తిరగబడిందన్న కబురు సాయంత్రం వచ్చింది. మాట ముందో కష్టం ముందో దయామణికి ఇప్పటికీ తెలీదు. పరుగెత్తి దాన్ని చెరిపేసి ఉంటే వాళ్ళ నాన్న ఒడ్డుకి చేరేవాడేమో అన్న బెంగ మాత్రం ఆమెని వదల్లేదు.

ఈ ఏడు వేసవి ముందు, మురుగుకాలవ వెడల్పు చేస్తామని చెప్పి గట్టుమీది ఇళ్ళు ఖాళీ చెయ్యమన్నారు. అవన్నీ ఉప్పెన తర్వాత వచ్చి కట్టుకున్న ఇళ్ళు, చివర ఒక రేకుల చర్చి. ఇళ్ళు పడగొట్టేరోజు పొద్దున్నే హెడ్మాస్టరు ప్రకాశరావు దయామణిని వరండాలోకి పిలిచాడు.

"దయామణిగారూ, ఇవాళ గట్టు పిల్లల్ని స్టడీ అవర్ అని చెప్పి సాయంత్రం కాస్త ఎక్కువసేపు ఉంచండి. పాపం, వాళ్ళ కళ్ళముందు అదంతా ఎందుకు?"

"ఉంచి ఏం చెయ్యమంటారు సార్?"

"మీకు చెప్పాలా అండీ? ఏవో మాటలు నేర్పండి."

ఆయన దుర్మార్గుడేం కాదు. పిల్లలు చూడకపోతే దెబ్బ సగం తగ్గుతుందని ఆయన నమ్మకం. దయామణి తల ఊపింది. ఆ తల ఊపడం తల్చుకుంటే ఆమెకి తర్వాత ఒళ్ళు మండిపోయేది.

గట్టు పిల్లలు అందరికంటే ముందే వచ్చి కూర్చున్నారు. వాళ్ళలో రెబెకా సంచిలోంచి టిక్కు టిక్కుమని చప్పుడు వస్తోంది.

"ఏంటమ్మా అది?"

"గోడగడియారమండీ. పగిలిపోద్దని మా అమ్మ ఇందులో పెట్టిందండీ."

"మరి పుస్తకాలేవీ?"

"మూట్లో ఉన్నాయండీ. ఇందులో చోటు చాల్లేదు."

సంచిలో గడియారంతో పాటు గుడ్డలో చుట్టిన బైబిలు, ఒక ఆవకాయ సీసా, తుప్పుపట్టిన తలుపు గడియ ఉన్నాయి. తలుపు ఎలాగూ పోతుంది, గడియైనా మిగుల్తుందని రెబెకా నాన్న తెల్లారకుండానే ఊడదీశాడట. దయామణి ఆ గడియని చేతిలోకి తీసుకుని చూసి, మళ్ళీ సంచిలోనే పెట్టేసింది.

ఆ రోజు ఆమె కొత్తమాట రాయలేదు. లెక్కలు చేయించింది, ఎక్కాలు అప్పగించుకుంది. అయినా ఇళ్ళు పడగొట్టే మిషను దారి చదును చేసుకుంటూ గట్టువైపు వస్తున్న మోత వినబడుతూనే ఉంది. నాలుగున్నరకి మిగతా పిల్లలు వెళ్ళిపోయారు. రెబెకా సంచి ఒళ్ళో పెట్టుకుని అడిగింది.

"టీచర్, స్టడీ అవర్ అయ్యాక మేం ఎటెళ్ళాలండీ?"

నాలుగేళ్ళు చెప్పిన అర్థమంతా ఎంత పొట్టిదో దయామణికి అప్పుడు తెలిసింది. చోటు పోవడమంటే చోటు పోవడం ఒక్కటే కాదు. బడి విడిచిపెట్టినా కాళ్ళకి దారి తెలియకపోవడం. అదే సమయానికి వెనక గోడమీద సుద్ద రాలిన చప్పుడైంది. తిరిగి చూస్తే ఆ మాట కదులుతోంది. గోడ అంచుదాకా వచ్చి, రెబెకా కూర్చున్న వైపు వంగుతోంది.

దయామణి ఒక్క అంగలో వెళ్ళి దానిమీద అరచెయ్యి ఆనించి గట్టిగా నొక్కింది. చల్లగా తగిలింది. చెయ్యి తీసేద్దామనుకుంటే తియ్యొచ్చు, అంత వ్యవధి ఉంది. బందరు పరాసుపేటలోని తన డాబా ఆమెకి గుర్తొచ్చింది. నాన్న సత్యానందం ఇటుక మీద ఇటుక పేర్చి కట్టించిన ఇల్లు. నాన్న పోయాక ఆమెకి ఈ లోకంలో మిగిలిన తోడు ఆ ఇల్లొక్కటే. ఈ మాట తనకి అంటుకుంటే పోయేది ఆ ఇల్లే. అయినా చెయ్యి తియ్యలేదు.

గోడ ఖాళీ అయింది. ఆ వెంటనే గట్టువైపు మిషను మోత ఆగిపోయింది.

షేరాటోలో బందరు చేరేసరికి దీపాలు పెట్టే వేళైంది. తాళంచెవి తలుపు తాళంలో తిరగలేదు. చప్పుడు విని లోపల్నుంచి ఎవరో కొత్తావిడ తలుపు తీసి, "ఎవరు కావాలండీ?" అని మర్యాదగా అడిగింది. ఆమె వెనక, నాన్న ఫొటో ఉండాల్సినచోట ఎవరిదో పెళ్ళి ఫొటో ఉంది. పక్కింటి శోభనాద్రి గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. రోజూ పొద్దున్నే దయామణి దగ్గర పేపరు తీసుకునే మనిషి.

"బాబాయ్ గారూ, ఇది సత్యానందం గారి ఇల్లే కదండీ?"

"ఆ పేరుగలవాళ్ళు ఈ వీధిలో ఎప్పుడూ లేరమ్మా. ఇంతకీ నీది ఏ ఊరు?"

దయామణి వాదించలేదు. జాలిగా చూస్తున్న ఆ మనిషి ముందు ఏడవడం ఇష్టంలేక గబగబా వీధి మలుపు తిరిగింది. అక్కడ, మూసి ఉన్న కొట్టు అరుగుమీద కూర్చుని, నాన్న పోయిననాడు ఏడ్చినట్టు ఏడ్చింది. తర్వాత వచ్చిన దారినే మళ్ళీ ఆటో ఎక్కింది.

గట్టుమీద ఇళ్ళన్నీ నిలబడే ఉన్నాయి. కాలవమీది తూము కుంగిందట, మిషను దాటలేక వెనక్కి పోయిందట. మనుషులెవరూ లేని అవతలి గట్టువైపు తవ్వుకుంటామని చెప్పి వెళ్ళారట. జనం నవ్వుకుంటూ మూటలు విప్పుకుంటున్నారు. రెబెకా నాన్న తలుపుకి గడియ బిగిస్తున్నాడు. వాళ్ళమ్మ సుచిత్ర ఎదురొచ్చింది.

"ఈ వేళప్పుడొచ్చారేంటి టీచరుగారూ?"

"ఈ పూటకి మీ ఇంట్లో పడుకోనిస్తావా సుచిత్రా?"

సుచిత్ర చూపు ఆమె అరచేతిమీద పడింది. "ఇవాళ ఏ మాటొచ్చింది?" అని ఊళ్ళో అందరూ అడిగే ప్రశ్న నోటిదాకా వచ్చి ఆగిపోయింది. గబుక్కున లోపలికి వెళ్ళి చాప పరిచి, పళ్ళెంలో అన్నం పెట్టింది. దయామణి తింటూండగా, గడియారం తగిలించి వచ్చిన రెబెకా పక్కనే చతికిలబడింది.

"టీచర్, గోడమీద ఆ మాట దిగిపోయింది చూశారా అండీ? మీకే అంటుకుందా? నాకూ చెప్పండి, దాని అసలు అర్థమేంటండీ?"

పిల్ల అప్పుడే చెయ్యి చాపేసింది. దయామణి తన చెయ్యి కొంగులోకి లాక్కుంది. అర్థం అడిగిన పిల్లకి చెప్పకుండా ఉన్న రోజు ఆమె ఉద్యోగంలో లేదు.

"నాకూ తెలీదమ్మా," అంది.