మోటారు కాలిపోయిందని చెప్పు

మనీషాకు జడ వేస్తుంటే దాని మాడు మీంచి పెట్రోలు వాసన వచ్చింది. పొద్దున్నే కుంకుడుకాయతో తలంటి పోశాను. కుంకుడుకాయ వాసన రావాలి కదా. బండిలో పెట్రోలు కొట్టించుకునేటప్పుడు ముక్కుకు తగిలే ఆ వాసన, సన్నగా, ఆరేళ్ళ పిల్ల జుట్టులోంచి. దువ్వెన పక్కన పెట్టి దాని తలను ముఖానికి ఆనించుకున్నాను. "ఏందమ్మా, బస్సొస్తది," అని విసుక్కుంది. జడ ముగించి బస్సెక్కించి వచ్చి, గేటు పట్టుకుని కాసేపు అక్కడే నిలబడ్డాను. నాకు భయం వేస్తోంది. ఈమధ్య భయం వేయని పూటంటూ లేదు.

ఈ ఇంట్లో అందరి బట్టలు ఉతికేదీ, గిన్నెలు తోమేదీ, బాత్‌రూములు కడిగేదీ నేనే. బోరు నీళ్ళలో రోజంతా నానేది నా చేతులే కాబట్టి నెల కిందట ఆ నీళ్ళలో వాసన మొదలైనప్పుడు ముందు నాకే తెలిసింది. చెబితే మా ఆయన మల్లేశ్వర్ నవ్వాడు. "నీది పోలీసు కుక్క ముక్కు లెక్కున్నది." మా అత్త రుక్మిణమ్మకు నవ్వు రాలేదు. నా పొట్ట వైపు చూసి, "మళ్ళ నెల తప్పినవా ఏంది? గప్పుడే గట్ల లేనిపోని వాసనలొస్తయ్," అంది. లేదని తేలాక, నీళ్ళు బాగా మరిగించి వేపాకు వేయమంది. అలాగే చేశాను. పిల్లకు చలి పెట్టకుండా బాత్‌రూము తలుపు బిగించి, సలసల కాగిన నీళ్ళు తెచ్చి, ఆవిరి పొగలో కూర్చోబెట్టి రోజూ స్నానం చేయించాను.

సాతంరాయి దాటాక, బెంగుళూరు రోడ్డుకూ మా ఇంటికీ మధ్య ఒక పెట్రోలు బంకు ఉంది. భూమిలో పాతిన దాని ట్యాంకు ఎప్పటినుంచో కారుతోందని ఎండాకాలంలో బయటపడింది. మనుషులు వచ్చి ట్యాంకు పీకేశారు, పాడైన మట్టిని తవ్వి లారీలకెత్తారు. భూమిలోకి గొట్టాలు దించి ఒక మిషను పెట్టారు. కింద మట్టిలో మిగిలిన పెట్రోలు ఆవిరిని పైకి లాగుతూ అది బుయ్యిమంటూనే ఉంటుంది. ఆ పని చూసే శ్రీకాంత్ కిందటి వారం మా గేటు దగ్గర ఆగాడు. ఆంధ్ర వైపు మనిషి, మాట మాటకీ అండీ అంటాడు.

"మట్టి వరకు తీశామండీ. భూమిలోని నీళ్ళలో పెట్రోలు ఎంత దూరం పాకిందో తెలియాలి. మీ బోరు నీళ్ళు వాసన వస్తున్నాయా?"

వాకిట్లో అత్త ఉంది. లేదన్నాను.

"వస్తే మాత్రం వాడకండి. స్నానానికి కూడా."

"తాగనీకి క్యాన్ నీళ్ళే. తానానికి మంచిగ మరగబెడ్తం."

"అదే వద్దండీ. వేడి చేస్తే అది ఆవిరితో లేస్తుంది. తలుపులు వేసిన బాత్‌రూములో అంతా పీల్చుకున్నట్టే. పిల్లలకైతే మరీ ప్రమాదం. ఏళ్ళ తరబడి పీలిస్తే రక్తం పాడవుతుంది."

అతను ఇంకా ఏదో చెబుతున్నాడు కానీ నాకు వినపడలేదు. తలుపు బిగించింది నేను. గాలి దూరకుండా సందులో గుడ్డ కుక్కింది నేను. అప్పటి నుంచి మనీషా ఒంటి మీద చిన్న ఎర్ర మచ్చ కనిపించినా దీపం దగ్గరకు లాక్కెళ్ళి చూస్తున్నాను. పళ్ళు తోముకుని ఉమ్మితే ఆ నురగలో ఎరుపు వెతుకుతున్నాను. క్యాన్ నీళ్ళతో పోస్తానంటే అత్త ఒప్పుకోలేదు. "తాగే నీళ్ళతోని తానమా? గంత దొరసాని పుట్టిందా మనింట్ల?" ఇక చేసేది లేక తలుపులు బార్లా తెరిచి, చన్నీళ్ళు గబగబా పోసి బయటికి ఎత్తుకొస్తున్నాను. అయినా జుట్టులో వాసన ఉండనే ఉంది.

ఈరోజు టిఫిను తింటూ మల్లేశ్వర్ తన ఏర్పాటు చెప్పాడు. "పైన ట్యాంకుల నీళ్ళన్ని ఇడిసిపెట్టి ట్యాంకరు నీళ్ళు నింపిస్తున్న. గా బంకు పనోళ్ళు మన నీళ్ళు పరీక్షకు పట్టుకపోనీకి వస్తరు. బోరు మోటారు కాలిపోయిందని చెప్పి ట్యాంకు నల్లా చూపియ్యి."

"గట్లెందుకు?"

"బోరు ఖరాబని తేలితే కిరాయికున్నోళ్ళు ఒక్కరన్న ఉంటరా? రేపు జాగ అమ్ముదమన్నా ఎవడు కొంటడు?"

"మరి నువ్వే చెప్పు."

"ఆడామె చెప్తే ఎక్కువ అడగరు." ఇంకో దోశ వేయమని పళ్ళెం జరిపాడు. "జర భయం తగ్గించుకో శోభా. నీ భయంతోని ఇల్లు నడవది."

దోశ వేశాను. పెనం మీద పిండి వంకరగా పరుచుకుంది. "ధ్యాస ఏడున్నదో," అంది అత్త.

వెనక గదిలో కిరాయికుండే సుమలత ఎయిర్‌పోర్టులో నేల తుడిచే పని చేస్తుంది. కడుపుతో ఉంది, అయిదో నెల. "నీళ్ళు గిట్లెందుకున్నయ్ అక్కా, మీకు వాసన రాదా?" అని రెండుసార్లు అడిగింది. మాకేం రాదనే చెప్పాను. మల్లేశ్వర్ అలా చెప్పమన్నాడు మరి.

పదకొండింటికి శ్రీకాంత్ ఐసు పెట్టె, చిన్న చిన్న గాజు సీసాలు పట్టుకుని వచ్చాడు. అత్త కుర్చీ వేయించుకుని వాకిట్లో కూర్చుంది. మల్లేశ్వర్ ఫోను చూసుకుంటున్నట్టు గేటు దగ్గర నిలబడి, "మా ఆమెకు తెలుస్తది, అడగండి," అన్నాడు.

"మోటారు కాలిపోయింది," అన్నాను. నల్లా వైపు చెయ్యి చూపించాను. "నల్లాల పట్టుకోండి."

"ఇవి బోరు నీళ్ళేనా అండీ?"

"అవే అవే. నిన్న నింపినయే," అన్నాడు మల్లేశ్వర్.

శ్రీకాంత్ గాలి బుడగ లేకుండా అంచు దాకా సీసా నింపాడు. మూత పెట్టబోతూ వాసన చూశాడు. అతని ముఖం విచ్చుకుంది. "ఏమీ లేదండీ. మీరు అదృష్టవంతులు. మీ బోరు బాగుందని ల్యాబు కూడా చెబితే ఇటు వైపు ఇక గొట్టాలు దించం. శుభ్రం చేసే పని మీ ప్రహరీకి అవతలే ఆపేస్తాం."

మల్లేశ్వర్ సంతోషంగా తలూపాడు. బండ మీద బట్టలు ఉతుకుతున్న సుమలత చేతులు ఆపి, నడుము పట్టుకుని నా వైపు చూసింది. ఆపేస్తారు. గోడకు అవతల శుభ్రం చేసి, ఇవతల మా కింద ఉన్నది అలాగే వదిలేస్తారు. రేపు ట్యాంకరు నీళ్ళు అయిపోతాయి. ఎల్లుండి మళ్ళీ అదే బోరు, అదే బకెట్, అదే పిల్ల.

నాకు ఎంత భయం వేసిందంటే, మల్లేశ్వర్ ఏం చేస్తాడోనన్న భయం అందులో చిన్నదైపోయింది. నన్ను తీసుకెళ్ళి తుక్కుగూడలో మా అమ్మ ఇంట్లో దింపేస్తాడు. పిల్లను పంపనంటాడు. అవన్నీ జరగొచ్చు. అవన్నీ తలుచుకుంటూనే గోడ మీది స్టార్టరు పెట్టె దాకా నడిచి పచ్చ బటన్ నొక్కాను.

మోటారు మూలిగి అందుకుంది. బోరు దగ్గరి గొట్టంలోంచి నీళ్ళు దూకాయి.

"శోభా," అన్నాడు మల్లేశ్వర్, మెల్లగా. అతను అంత మెల్లగా పిలిస్తేనే నాకు ఎక్కువ భయం.

"మోటారు మంచిగనే ఉన్నది సార్," అన్నాను. "గా సీసాల ట్యాంకరు నీళ్ళున్నయ్, పారబోయండి. నా బిడ్డకు పోసేటియి ఇవి. ఇవి పట్టుకపోండి."

శ్రీకాంత్ ఒకసారి మల్లేశ్వర్ వైపు, ఒకసారి నా వైపు చూశాడు. తర్వాత సీసాలో నీళ్ళు ఒంపేసి, "ఓ పావుగంట మోటారు నడవాలండీ. పాత నీళ్ళు పోయాకే పట్టాలి," అన్నాడు.

"బంద్ చెయ్యి," అంటూ మల్లేశ్వర్ నా వైపు వచ్చాడు. అత్త కుర్చీలోంచి లేచింది. నేను పక్కకు తప్పుకోలేదు. మోటారు ఆపే ఎర్ర బటన్ ఎవరి చేతికీ అందకుండా, ఆ పెట్టెకు వీపు ఆనించి నిలబడ్డాను.