జూరా అపా వాకిట్లో జెండా

కారా-బులున్ లోయలో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా అంబులెన్సు వచ్చి ఆగేది జూరా అపా వాకిట్లోనే. లోయంతా అమ్మా అన్నట్టు అపా అని పిలిచే ఆ పెద్దామె ఇంట్లో రోగులెవరూ లేరు. ఉన్నదల్లా ఆమె, ఒక ఆవు, కొండ కింద ఒంటరిగా నిలబడిన మట్టి ఇల్లు.

ఆ లోయలో ఇళ్లకు నంబర్లు లేవు, దారులకు పేర్లు లేవు. చిరునామా పోల్చుకోలేనప్పుడల్లా అంబులెన్సులు పంపే మా కార్యాలయపు డిజిటల్ పటం ఆ గ్రామమండలి పరిధి మొత్తానికి నడిమధ్య ఎక్కడో లెక్కకట్టి, అక్కడ ఒక ఎర్రజెండా పాతేది. ఆ నడిమధ్య చోటు అపా పశువుల పాక మీద పడింది. కచ్చితంగా తెలిసిన ఇంటికీ అదే జెండా, బొత్తిగా తెలియని ఇంటికీ అదే జెండా. డ్రైవరుకు తేడా తెలిసే మార్గం లేదు.

దాని సంగతి చూడమని నారిన్ పట్టణం నుంచి నన్ను పంపారు. అంబులెన్సు డ్రైవరు మెదెర్ నన్ను తన బండిలోనే తీసుకువచ్చాడు.

"ఇక్కడ దిగితే టీ దొరుకుద్ది బైకే, రోగి మాత్రం దొరకడు," అన్నాడు బండి ఆపుతూ. బైకే అంటే మా భాషలో అన్న.

ఇంజను చప్పుడుకే అపా గడపలోకి వచ్చింది.

"మెదెరేనా? ఈసారి ఎవరికిరా?"

"ఎవరికీ కాదపా. పటాలు గీసే ఆయన్ని తెచ్చాను."

"అయితే జబ్బు ఈయనకేనన్నమాట," అంటూ ఆమె నా వైపు తిరిగింది. ఆ చూపు నా భుజం పక్కనుంచి వెళ్లిపోయింది.

ఆమె కళ్లకు నీటికాసులు, చూపు తగ్గిపోతోంది. రొట్టె, మీగడ ముందు పెట్టి, ఆ సంగతి పక్కింటివాళ్ల గొడవేదో చెబుతున్నట్టు చెప్పింది. శస్త్రచికిత్సకు రాజధాని బిష్కెక్‌లో డాక్టరు రోజు ఇచ్చాడు. ఆలస్యమయ్యేకొద్దీ పోయిన చూపు ఇక తిరిగిరాదన్నాడు. కూతురు పంపిన టాక్సీని అపా ఇప్పటికే ఒకసారి ఖాళీగా తిప్పి పంపింది.

"ఎందుకని?" అన్నాను.

"నిరుడు ఆకురాలు కాలంలో కనుమ అవతల పెళ్లికెళ్లాను. బండి వచ్చింది. ఎవడో కొత్త డ్రైవరు. తాళం చూసి హారన్ కొట్టాడంట, కేకలేశాడంట, కూర్చున్నాడంట. ఎగువ పల్లెలో సాతార్ గుండె పట్టుకుని పోయాడు. నేనుంటే అటు పొమ్మని చెయ్యెత్తి చూపించేదాన్ని." ఆమె నా గిన్నెలో టీ నింపింది. "ఆ జెండా పీకెయ్ నాయనా."

"పీకి ఎక్కడ పాతమంటావపా?"

"చదువుకున్నది నువ్వా నేనా?"

ఫోను ఎక్కడినుంచి వస్తే అక్కడ పాతుదామా అన్నాను. మెదెర్ నోట్లో రొట్టెతోనే నవ్వాడు. లోయలోని ఇళ్లలో సిగ్నలు అందదు. ఫోను చేయాలంటే ఎవరైనా ఆ ఎదుటి కొండెక్కవలసిందే.

"అప్పుడు నేను కొండెక్కి గొర్రెలకి సెలైను పెట్టాలి బైకే."

పట్టణానికి తిరిగి వచ్చాక, తెలియని చోట జెండా పాతే నియమాన్ని తీసేశాను. దాని బదులు, రోగి ఎక్కడెక్కడ ఉండే అవకాశం ఉందో ఆ మేరంతా తెరమీద బూడిదరంగు మచ్చగా పరుచుకుంటుంది. ఇళ్లున్న చోట కాస్త ముదురుగా, రాళ్లగుట్టల మీద పలచగా. వెంటనే మా కార్యాలయంలో ఫోను ఎత్తినవారి ముందు ప్రశ్నలు నిలుస్తాయి: రోగి మీ దగ్గరే ఉన్నాడా? వాగుకు ఏ పక్క? కనిపించే కప్పు ఏ రంగు? జవాబు వచ్చినకొద్దీ మచ్చ చిన్నదవుతుంది.

మేమంతా ఎజే, అంటే అక్క, అని పిలిచే మా అధికారి జిపార్ దాన్ని చాలాసేపు చూసింది.

"మచ్చ మీదికి బండెలా తోల్తాడయ్యా? జెండా లేకపోతే వీళ్లకి పని రాదనుకుంటారు."

"జెండా ఉంటే వచ్చనుకుంటున్నారు ఎజే. సాతార్ చనిపోయిన రోజు కూడా తెరమీద జెండా ఉంది."

ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "ఆ ఒక్క లోయకే. తేడా వచ్చిందో, మళ్లీ జెండాయే."

బిష్కెక్ టాక్సీ రెండోసారి వచ్చిన ఉదయం నేనూ అక్కడే ఉన్నాను. ఆవును సాతార్ భార్య బూర్మాకు అప్పగించారు. మూట గడపలో ఉంది. అపా మాత్రం బెంచీ మీదనుంచి లేవలేదు.

"ముందు చూపించు. తర్వాత ఎక్కుతా."

ఆమె కోరిక ప్రకారమే ఏర్పాటు చేశాం. మెదెర్ పెద్దరోడ్డు వంతెన దగ్గర ఎదురుచూస్తాడు. ఏ ఇంటికి వెళ్లాలో అతనికి చెప్పం. బూర్మా కొండెక్కి, భర్తకోసం ఒకనాడు చేసినట్టే, తన ఇంటికి అంబులెన్సు కావాలని ఫోను చేసి, అడిగిన ప్రశ్నలకు జవాబిస్తుంది.

"బూర్మా ఒప్పుకుందా?" అన్నాను.

"తనే చేస్తానంది. ఇంకెవరూ వద్దంది."

అపా అలవాటు కొద్దీ మెదెర్‌కు కూడా ఒక గిన్నె పెట్టి టీ పోసింది. టాక్సీ డ్రైవరు, "కనుమ మీద మంచు మొదలైతే నన్ననకండి," అని సణిగి, తనూ ఒక గిన్నె అందుకున్నాడు.

ఇంజను చప్పుడు దూరాన మొదలైంది. అపా తల పక్కకు వంచింది. చప్పుడు దగ్గరై, ఆమె ఇంటి దారి చీలే చోట నెమ్మదించింది. గిన్నె చుట్టూ ఆమె వేళ్లు బిగిశాయి. మెదెర్ కాళ్లకూ చేతులకూ ఈ వాకిలే అలవాటు.

చప్పుడు వాగు వెంబడి పైకి వెళ్లిపోయింది.

కాసేపటికి ఎగువ పల్లెనుంచి పొడుగ్గా హారన్ వినిపించింది. చేరాక మోగించమని మెదెర్‌కు ముందే చెప్పాం.

"రాలేదు," అంది అపా మెల్లగా. "నా దగ్గరికి రాలేదు." తర్వాత, "ప్రతిసారీ ఇట్టాగే దొరుకుద్దా?"

"తెలియదపా."

"తెలియనప్పుడు నీ పటం ఏం చెబుద్ది?"

"తెలియదనే చెబుతుంది. అడగమంటుంది."

ఆమె చేత్తో తడుముతూ మెదెర్ గిన్నెను నా వైపు జరిపింది.

"అయితే వాడి టీ నువ్వు తాగు. తాగి ఆ మూట అందుకో."

ఆమె తలుపుకు తాళం వేసి, రెండుసార్లు లాగి చూసింది. టాక్సీ ఎక్కి కూర్చున్నాక డ్రైవరు వెనక్కి తిరిగాడు.

"బిష్కెక్‌లో ఎక్కడ దించాలపా? బండి మాట్లాడినప్పుడు ఏ వీధో చెప్పలేదు."

"మా అమ్మాయి ఇల్లు. వీధి తెలీదురా," అంది అపా కండువా సర్దుకుంటూ. "దగ్గరికెళ్లాక అడుగుదాం."